అటక మీది టీవీ గేమ్ దించే ముందు

వేసవి సెలవులు వస్తే అటకలు కదులుతాయి. తొంభైల్లో బడికెళ్ళిన పిల్లలున్న బెజవాడ, గుంటూరు ఇళ్ళలో ఆ అట్టపెట్టెలు విప్పితే సరుకు అటూ ఇటూగా ఒకటే: వైర్లు చుట్టేసిన టీవీ గేమ్, నాలుగైదు పసుపు క్యాసెట్లు, రబ్బరు బ్యాండు వేసిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీ ట్రంప్ కార్డులు, అడుగున చందమామలు, బాలమిత్రలు. ఇవేవీ ఇక పనికిరావని చాలామంది చూడకుండానే తేల్చేస్తారు. నిజానికి ఇన్నేళ్ళు అటక మీద ఉన్నందుకు చెడినవి తక్కువ, కిందికి దించిన మొదటి గంటలో ఆత్రం కొద్దీ చెడగొట్టినవే ఎక్కువ. చేతికందిన ఎలిమినేటర్, అంటే కరెంటు అడాప్టర్, గుచ్చడం, క్యాసెట్‌లోకి ఉఫ్ అని ఊదడం, చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించడం, కార్డులకు లామినేషన్ చేయించడం. అన్నీ ప్రేమతో చేసేవే. వాటిలో కొన్నింటిని మళ్ళీ సరిదిద్దలేం.

అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ ముఖ్యం.

టీవీ గేమ్ పైన మీడియా అని ఉన్నా, లిటిల్ మాస్టర్ అని ఉన్నా, అసలు పేరే లేకపోయినా లోపలి సర్క్యూట్ ఒక్కటే. 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు అది నకలు. దాన్నే ముద్దుగా ఫ్యామికామ్ అంటారు. ఈ సంగతి తెలిస్తే కొనేటప్పుడు మోసపోరు. దీని క్యాసెట్‌కు 60 పిన్నులు. అమెరికాలో అమ్మిన నింటెండో క్యాసెట్‌కు 72. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొంటే అది మన స్లాట్‌లో దిగదు. ఇంకో తేడా కూడా ఉంది. అసలు ఫ్యామికామ్‌లో ప్రాసెసర్ వేరు, బొమ్మ తయారుచేసే చిప్ వేరు, మెమరీ వేరు. మన బజార్లలో దొరికిన తర్వాతి కాలపు నకళ్ళలో ఎక్కువ వాటికి ఇవన్నీ కలిపి ఒకే చిప్, దాని మీద గట్టిపడిన నల్లటి ఎపాక్సీ ముద్ద. ఆ ముద్ద కింద చిప్ కాలిపోతే మిషన్ చెత్తబుట్టకే. కానీ అది తనంతట తాను కాలిపోవడం అరుదు. మామూలుగా పోయేవి దాని చుట్టూ ఉన్న చవక పార్టులు: కెపాసిటర్, రెగ్యులేటర్, స్విచ్, జాక్, వైరు. చిప్‌ను కాల్చేది మటుకు మన చేతిలోని ఎలిమినేటరే.

ఎలిమినేటర్ సంగతి

పాతది కనిపించకపోతే వైఫై రూటర్ అడాప్టర్ తీసి గుచ్చుతారు, పిన్ను సైజు సరిపోతుంది కాబట్టి. రూటర్ అడాప్టర్లలో చాలావరకు 12 వోల్టులు, మధ్య పిన్ను ప్లస్. టీవీ గేములకు సాధారణంగా 9 వోల్టులు, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. జపాన్ ఫ్యామికామ్‌లో మధ్యది మైనస్. చవక మిషన్లలో తిరగేసి గుచ్చితే అడ్డుకునే డయోడ్, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే పార్టు, ఉంటుందన్న నమ్మకం లేదు. ఒక్కసారి తిరగబడితే చాలు. అప్పట్లో అమ్మిన సర్దుబాటు ఎలిమినేటర్లు ఇంకా ప్రమాదం. పక్కన మీట జరిపితే 3 నుంచి 12 వోల్టుల దాకా మారుతుంది, కొసన పిన్నును తిరగేసి కూడా పెట్టొచ్చు. ఏ పిల్లాడు ఎటు జరిపి వదిలేశాడో ఎవరికి తెలుసు?

ముందు మిషన్ అడుగున చూడండి. చిన్న చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రం, అటూ ఇటూ ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. చుక్కకు కలిసిన గుర్తే మధ్య పిన్ను. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే అడుగు స్క్రూలు విప్పండి. పవర్ జాక్ దగ్గర, వచ్చిన వోల్టేజీని 5కు దించే మూడు కాళ్ళ రెగ్యులేటర్ కనిపిస్తుంది, దాని మీద 7805 అని ఉంటుంది. దాని మధ్య కాలు గ్రౌండు, అంటే మైనస్. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో (రెండు చోట్లు కలిసి ఉంటే మోగేది) పెట్టి ఒక ప్రోబ్ ఆ మధ్య కాలికి, రెండోది జాక్ లోపలి సన్న పిన్నుకు ఆనించండి. మోగితే మధ్యది మైనస్. పిన్నుకు మోగక, జాక్ బయటి రేకుకు మోగితే మధ్యది ప్లస్. రెండింటికీ మోగకపోతే జాక్ పక్కన నాలుగు డయోడ్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఎటు గుచ్చినా ఫర్వాలేదు. డయోడ్లూ లేకపోతే జాక్ సోల్డరింగ్ ఊడి ఉండవచ్చు.

కొత్తది కొనేటట్టయితే 9 వోల్టులు, 1 ఆంపియర్ డీసీ అడాప్టర్ సరిపోతుంది. ఆంపియర్ ఎక్కువైతే కాలిపోతుందేమోనని భయపడనక్కర్లేదు, మిషన్ తనకు కావలసినంతే లాగుతుంది. కాల్చేది వోల్టేజీ. మొబైల్ చార్జర్ 5 వోల్టులు దీనికి చాలవు, 7805 సరిగ్గా 5 వోల్టులు ఇవ్వాలంటే దానికి కనీసం 7 అందాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎలిమినేటర్, అదే చేతికి బరువుగా ఉండేది, దాన్ని ఖాళీగా కొలిస్తే 9 బదులు 12, 13 చూపిస్తుంది. అది లోపం కాదు. లోడు పడగానే దిగుతుంది.

క్యాసెట్ పెట్టకుండానే మొదటిసారి ఆన్ చేయండి. రెగ్యులేటర్ మీది అక్షరాలు మీ వైపు, కాళ్ళు కిందికి ఉండేట్టు చూస్తే ఎడమ కాలు ఇన్‌పుట్, కుడి కాలు అవుట్‌పుట్. నల్ల ప్రోబ్ మధ్య కాలికి, ఎర్రది కుడి కాలికి. 4.8 నుంచి 5.2 మధ్య ఉంటే మిషన్ బతికున్నట్టే. ఎడమ కాలికే సున్నా వస్తే తప్పు ఎలిమినేటర్‌దో, జాక్‌దో, స్విచ్‌దో. ఎడమకు 9 వచ్చి కుడికి సున్నా అయితే రెగ్యులేటర్ పోయింది, లేదా అవతల ఎక్కడో షార్ట్ ఉంది. కుడి కాలికి 8, 9 వస్తుంటే వెంటనే ఆపేయండి. రెగ్యులేటర్ లోపల కలిసిపోయింది, ఆ స్థితిలో క్యాసెట్ పెడితే దాన్నీ తింటుంది. 7805 బెజవాడ గవర్నర్‌పేటలో ఏ స్పేర్ పార్టుల షాపులో అడిగినా చిల్లర డబ్బులకే వస్తుంది.

రెగ్యులేటర్ పక్కనే డబ్బా ఆకారంలో కెపాసిటర్ ఉంటుంది, 470 లేదా 1000 మైక్రోఫారడ్లు, 16 లేదా 25 వోల్టులు. రోహిణి కార్తెలో స్లాబు కింద అటక ఎంత కాగుతుందో మనకు తెలిసిందే. అన్ని వేసవులు కాగితే దాని లోపలి ద్రవం ఆరిపోతుంది. తల ఉబ్బడం, కాళ్ళ దగ్గర గోధుమ రంగు మరక దాని గుర్తులు. బొమ్మ మీద అడ్డంగా మందపాటి చారలు పాకుతూ, స్పీకర్‌లో గుయ్‌మని శబ్దం వస్తుంటే మొదటి అనుమానం దీని మీదే. మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. 85 డిగ్రీల రకం కాకుండా 105 డిగ్రీలది అడగండి. ఒంటి మీద చార ఉన్న వైపు మైనస్. తిరగేస్తే పేలుతుంది.

మూత తెరిచే ఉంది కాబట్టి బొద్దింకల సంగతి కూడా చూసేయండి. రెగ్యులేటర్ వెచ్చదనానికి చేరి అవి వదిలిన మలం తేమ పీల్చి రాగి గీతల్ని తినేస్తుంది. పాత టూత్‌బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. స్క్రూలు మళ్ళీ బిగించేటప్పుడు ముందు ఎడమ వైపుకు మెల్లగా తిప్పండి. టక్కున పాత మరలో పడుతుంది. అప్పుడు కుడికి బిగించాలి. నేరుగా బిగిస్తే పాత ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుని పిల్లర్ చీలిపోతుంది.

ఊదొద్దు

క్యాసెట్ ఊదితే పనిచేస్తుందన్నది ఒక తరం మొత్తం నమ్మిన శాస్త్రం. పనిచేసేది ఊపిరి కాదు. తీసి మళ్ళీ గుచ్చినప్పుడు పిన్నులు ఒరుసుకుని కొత్త చోట ఆనుకుంటాయి, అంతే. ఊపిరితో పాటు వెళ్ళిన తడి అక్కడే ఉండి కొన్నాళ్ళకు పచ్చటి చిలుము పట్టిస్తుంది.

శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. ఎలక్ట్రానిక్స్ షాపులో ఐపీఏ అంటే ఇస్తారు. చేతులకు రాసుకునే శానిటైజర్ పనికిరాదు, అందులో కలిపే గ్లిజరిన్ జిడ్డు మిగులుస్తుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లను ముంచి, పిండి, పిన్నుల పొడవునా లోపలి నుంచి బయటికి లాగండి. రెండు వైపులా 30 చొప్పున ఉంటాయి. పుల్ల నల్లగా రావడం ఆగేదాకా మారుస్తూ ఉండాలి. మొండి మచ్చలకు పెన్సిల్ రబ్బరు, అదీ తెల్లది, మెత్తగా. ఇంకు రబ్బరు, గరుకు కాగితం ముట్టుకోవద్దు. చవక క్యాసెట్లలో పిన్నుల మీద పూత చాలా పల్చన. అది పోతే కింది రాగి బయటపడి, అప్పటికి మెరిసినా నెల తిరక్కముందే నల్లబడుతుంది.

స్లాట్‌కు విజిటింగ్ కార్డు మందం అట్ట తీసుకుని, పల్చటి నూలు గుడ్డ ఒక చుట్టు చుట్టి, ఐపీఏ తడిపి, పదిసార్లు నిలువుగా దింపి లేపండి. అట్టా గుడ్డా కలిసి క్యాసెట్ బోర్డు కన్నా మందమైతే లోపలి పిన్నులు వెడల్పై, ఆ తర్వాత ఏ క్యాసెట్ పెట్టినా వదులుగా ఊగుతుంది. అప్పటికే వెడల్పైన పిన్నును సన్న సూదితో ఒక్కొక్కటిగా ముందుకు లాగవచ్చు. ఓపిక ఉన్నవాళ్ళ పని అది. విరిగితే స్లాటే మార్చాలి.

ఏ తప్పు ఎక్కడుందో తెర చెబుతుంది. క్యాసెట్‌లో రెండు రకాల సమాచారం ఉంటుంది, ఆట నడిపే ప్రోగ్రాము ఒకటి, బొమ్మల ముక్కలు ఇంకొకటి. రెండింటికీ వేరే పిన్నులు. తెర మొత్తం ఒకే రంగులో ఉండి శబ్దమే లేకపోతే ప్రోగ్రాము పిన్నులు ఆనడం లేదు. పాట సరిగ్గా వస్తూ, బటన్ నొక్కితే స్పందిస్తూ, బొమ్మలు మాత్రం చిందరవందరగా ఉంటే బొమ్మల పిన్నులు ఆనడం లేదు. రెండూ శుభ్రంతోనే పోతాయి. మిషన్ పోయిందని పారేసేవాళ్ళు ఎక్కువగా ఈ రెండో రకం చూసే పారేస్తారు.

ఇక '9999999 ఇన్ 1' అని రాసిన క్యాసెట్‌లో ఆరేడు ఆటలే వస్తున్నాయంటే అది పాడవలేదు. మొదటి నుంచీ అంతే. సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు, ట్యాంకుల ఆట బ్యాటిల్ సిటీ 24. ఇలాంటి చిన్న ఆటలు నాలుగైదు ఒక చిప్‌లో కుక్కి, అదే ఆటను రెండో స్టేజీ నుంచి, మూడో స్టేజీ నుంచి మొదలుపెట్టి వేరే పేరుతో జాబితా పెంచేవారు. ఆ 40 కిలోబైట్లలో సర్దడానికే మారియోలో మబ్బు, పొద ఒకే బొమ్మ. రంగు మార్చి కింద పెడితే పొద, పైన పెడితే మబ్బు.

ఎల్‌ఈడీ టీవీకి తగిలించడం

మిషన్ వెనక యాంటెన్నా వైరు ఒక్కటే ఉంటే అది ఆర్ఎఫ్ రకం. పసుపు, తెలుపు రంధ్రాలుంటే ఏవీ (ఆడియో-వీడియో) కూడా ఉంది, అదే వాడండి. బొమ్మ తేటగా ఉంటుంది. ఆర్ఎఫ్ ఒక్కటే దిక్కయితే టీవీలో అనలాగ్ ట్యూనింగ్‌కు వెళ్ళి, మిషన్ ఆన్‌లో ఉంచి, వీహెచ్ఎఫ్ మొదట్లో 54 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య వెతకాలి. 3, 4 ఛానెళ్ళు అక్కడే ఉంటాయి. బొమ్మ శుభ్రంగా వచ్చి శబ్దం బదులు బుసబుస వస్తే టీవీ మెనూలో సౌండ్ సిస్టమ్ మార్చి చూడండి. శబ్దం పంపడానికి మన దూరదర్శన్ వాడింది బీజీ అనే పద్ధతి. మిషన్ డీకే, ఐ అనే వేరే పద్ధతుల కోసం తయారైందైతే శబ్దం వేరే చోట కూర్చుంటుంది. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కలర్ సిస్టమ్‌ను ఆటోలో పెట్టాలి.

ఇప్పటి టీవీల్లో ఏవీకి మూడు రంధ్రాల బదులు ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటి ఒకే జాక్ ఉంటోంది. దానికి మూడు రంగుల వైరు కొనేటప్పుడు టీవీతో వచ్చిందే వెతకండి. బజారు వైర్లలో వీడియో, గ్రౌండు చోట్లు మారిపోయి ఉండొచ్చు. బొమ్మ రాక స్పీకర్ గుర్రుమంటే పసుపు పిన్నును ఎర్ర రంధ్రంలో, తెల్ల రంధ్రంలో మార్చి చూడండి, చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. ఏవీ జాకే లేని టీవీకి 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' కన్వర్టర్ కావాలి. 'హెచ్‌డీఎంఐ టు ఏవీ' డబ్బా అచ్చం అలాగే ఉంటుంది, కానీ ఉల్టా పని చేస్తుంది. పేరు చదివి కొనండి. చవక కన్వర్టర్లు బొమ్మను కాస్త ఆలస్యం చేస్తాయి, దానికి టీవీ చేసే ఆలస్యం తోడైతే మారియో గుంటలో పడ్డాక గెంతుతాడు. టీవీలో గేమ్ మోడ్ పెడితే కొంత తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో విషయం. ఈమధ్య ఎమ్యులేటర్‌లోనో (పాత ఆటలను కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఆడించే ప్రోగ్రాము) వీడియోల్లోనో మారియో చూసి, చిన్నప్పుడు ఇంత వేగంగా లేదే, వయసు మీద పడి చేతులు ఆడటం లేదేమో అనుకునేవాళ్ళున్నారు. చేతుల తప్పు కాదు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 బొమ్మల లెక్కన నడిచేవి, పాల్ అనే పద్ధతిలో నడిచిన మన టీవీలు 50. పాల్ కోసం చేసిన నకలు మిషన్లలో పెట్టింది మాత్రం జపాన్ ఆటలే, 60కి రాసినవి. అంటే ఆట ఆరింట ఒక వంతు నెమ్మదిగా నడిచింది. మనం ఆడిన మారియో, మనం కొట్టిన కాంట్రా అసలుకన్నా 17 శాతం నింపాదివి. ఆ వేగమే కావాలంటే ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ప్రాంతం దగ్గర 'డెండీ' ఎంచుకోవాలి. రష్యాలో బాగా అమ్ముడైన ఇలాంటి నకలు మిషన్ పేరది. పాల్ అని ఎంచుకుంటే యూరప్ మిషన్ లెక్క తీసుకుని సంగీతం శ్రుతి కూడా కాస్త దిగిపోతుంది. చిన్ననాటి ఆట కచ్చితంగా అలాగే రావాలనుకునేవాళ్ళకు ఈ ఒక్క సెట్టింగు మిగతా హంగులన్నింటికన్నా ముఖ్యం.

జాయ్‌స్టిక్, తుపాకీ

జాయ్‌స్టిక్ పరీక్షకు కాంట్రా కన్నా మంచి సాధనం లేదు. టైటిల్ తెర మీద పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, ఆపైన స్టార్ట్. ఇద్దరు ఆడాలంటే స్టార్ట్‌కు ముందు సెలెక్ట్. 30 లైఫులు వచ్చాయంటే నాలుగు దిక్కులూ, రెండు బటన్లూ సరిగ్గా ఉన్నట్టే. టర్బో బటన్లు మాత్రం వాడకండి, ఒక్క నొక్కు పది నొక్కులై కోడ్ చెడుతుంది. కొన్ని క్యాసెట్లలో ముందే 30 లైఫులు పెట్టిన కాంట్రా ఉంటుంది, దాంతో ఈ పరీక్ష కుదరదు.

ఒక్క బటనే పలకకపోతే జాయ్‌స్టిక్ విప్పి రబ్బరు కింద నల్లటి కార్బన్ చుక్క చూడండి. పొడి గుడ్డతో తుడిస్తే చాలావరకు లేస్తుంది. కార్బన్ అరిగిపోతే టీవీ రిమోట్లు బాగుచేసేవాళ్ళు వేసే కార్బన్ పూతే దీనికీ సరిపోతుంది. 6బీ పెన్సిల్ రుద్దడం నాలుగు రోజుల ముచ్చట. ఏ బటనూ పలకకపోతే వైరు తెగింది. తెగేది దాదాపు ఎప్పుడూ మెడ దగ్గరే, ఆడే ఉత్సాహంలో లాగేది అక్కడే కదా. లోపల ఐదు వైర్లు. ఒక్కొక్కదాన్నీ బీప్ మోడ్‌లో చూసి, మెడ దగ్గర ఐదు సెంటీమీటర్లు కోసి పారేసి, రంగులు రాసుకుని మళ్ళీ సోల్డర్ చేస్తే సరి. సెగా జాయ్‌స్టిక్‌కు కూడా ఇలాంటి 9 పిన్నుల ప్లగ్గే ఉంటుంది, చక్కగా దిగుతుంది కూడా. కానీ లోపలి వైరింగ్ వేరు. పెట్టొద్దు.

బాతులను కాల్చే ఆటలో వాడే తుపాకీ ఎల్‌ఈడీ మీద పనిచేయదు, దాన్ని బాగుచేయడానికి డబ్బు పెట్టకండి. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి డబ్బా మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సార్ ఆ మెరుపును, అదీ ఆ క్షణంలోనే చూడాలి. ఎల్‌ఈడీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది, అప్పటికి మిషన్ గురి తప్పిందని తేల్చేస్తుంది. దీనికి పాత డబ్బా టీవీయే కావాలి. టీవీ మెకానిక్ షాపుల్లో, పాత సామాను కొనేవాళ్ళ దగ్గర ఇంకా దొరుకుతున్నాయి. తెర మూలల్లో రంగులు మరకలుగా ఉంటే దగ్గరున్న స్పీకర్లు తీసేసి, అరగంట ఆపి మళ్ళీ ఆన్ చేయండి. వెనక మూత మాత్రం మీరు తీయొద్దు. కలర్ ట్యూబు మీద 20 వేల వోల్టులు దాటి ఉంటాయి, ప్లగ్గు పీకాక కూడా ఆ చార్జి నిలవుంటుంది.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లగా చేయడం మీద చాలామందికి మోజు. మెడికల్ షాపులో దొరికే 20 వాల్యూమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం ఉంటుంది. బోర్డు, స్క్రూలు, స్టిక్కర్లు అన్నీ తీసేసి ప్లాస్టిక్ ఒక్కటే పూర్తిగా మునిగేట్టు గాజు పాత్రలో ఉంచి, మూత బిగించకుండా ఎండలో పెట్టాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి. గంటగంటకూ చూస్తుండాలి. సగం మునిగితే గీత పడుతుంది. తెల్లబడ్డది మళ్ళీ పసుపెక్కే అవకాశం ఎక్కువ కాబట్టి, సబ్బు నీళ్ళతో కడిగి వదిలేయడమే మేలు.

అడుగున ఉన్న చందమామలు

1947 జూలైలో మన తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి కలిసి మొదలుపెట్టిన పత్రిక మీద ఈ జిల్లాల వాళ్ళకు కొంచెం ఎక్కువ హక్కుందనుకుంటారు. హక్కుంటే జాగ్రత్తా ఉండాలి. ఆ కాగితం న్యూస్‌ప్రింట్, దానిలోనే ఆమ్లం ఉంటుంది. వేడి, వెలుతురు తగిలేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. స్లాబు కింద అటకే దానికి అన్నిటికన్నా చెడ్డ చోటు. నేల మీదా వద్దు. బీరువా మధ్య అరలో, బయటి గోడకు తగలకుండా, పడుకోబెట్టి, చిన్న చిన్న దొంతరలుగా పెట్టండి.

పిన్నులు తుప్పు పడితే ముందు అవి తీయాలి. తుప్పు చుట్టూ కాగితం కాలినట్టు రాలిపోతుంది. పుస్తకం మధ్య పేజీ తెరిచి పిన్ను కాళ్ళు సన్నటి చాకుతో నిలబెట్టి, బయటి వైపు నుంచి లాగండి. అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలుదారంతో కుట్టేస్తే చాలు. చిరుగులకు సెల్లోటేపు వద్దే వద్దు. కొన్నేళ్ళకు ప్లాస్టిక్ ఊడిపోయి జిగురు మాత్రం గోధుమ రంగులో కాగితంలోకి ఇంకిపోతుంది, దాన్ని ఏ రబ్బరూ తుడవలేదు. పల్చటి జపాన్ టిష్యూ కాగితం, ఉడికించిన గంజి చాలు. బైండింగ్ వాళ్ళు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం వేస్తారు. అట్టకు ఫర్వాలేదు గానీ పేజీలకు అది మంచిది కాదు. బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు అంచులు కోయొద్దని, ముఖచిత్రాలు తీసేయొద్దని ముందే చెప్పాలి. చెప్పకపోతే రెండూ చేస్తారు.

పురుగు ఉందనిపిస్తే జిప్ కవర్లో గాలి పిండేసి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ తెరవకూడదు. తెరిస్తే చల్లటి కాగితం మీదే చెమ్మ చేరుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినట్టు నీళ్ళొస్తే, తడిసిన పుస్తకాలకు కూడా ఫ్రీజరే దారి. రెండు రోజుల్లోపు ఆరబెట్టలేమనుకుంటే బూజు పట్టకముందే గడ్డకట్టించి, తీరికగా కొన్ని చొప్పున తీసి, మధ్యలో అచ్చులేని తెల్లకాగితాలు పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టొచ్చు. దినపత్రిక పెడితే దాని ఇంకు అంటుతుంది. నునుపు ముఖచిత్రాలు ఒకదానికొకటి అంటుకుని ఆరితే ఇక విడిపోవు, వాటి పని ముందు చూడండి. అదే వరదలో మునిగిన టీవీ గేమ్‌ను మంచినీళ్ళతో ఒండ్రు పోయేలా కడిగి, ఐపీఏతో మరోసారి కడిగి, నీడలో మూడు రోజులు ఆరాకే ఆన్ చేయాలి. మునిగిన ఎలిమినేటర్ పారేయండి.

తగ్గిన సంచికల కోసం బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలకు వెళ్తే, ముఖచిత్రం కన్నా ముందు మధ్య పేజీలు చూడండి. పిన్ను ఊడి మొదట జారిపోయేవి అవే. బూజు వాసన వస్తుంటే ఆ పుస్తకం ఇంట్లో మిగతావాటితో కలపకుండా విడిగా ఉంచాలి.

ట్రంప్ కార్డులకు రబ్బరు బ్యాండే శత్రువు. ఎండకు కరిగి అంచుల్లో కరుచుకుని, పై కార్డుకు అంటుకుపోతుంది. లాగొద్దు. ఎండిన ముక్కలు గోటితో రాల్చి, జిగటగా ఉన్నది పెన్సిల్ రబ్బరుతో మెల్లగా పోగొట్టండి. లామినేషన్ చేయిస్తే కార్డు మందమై కలపడానికి రాదు, తీయడానికీ రాదు. కాగితం పట్టీ చుట్టి చిన్న అట్టపెట్టెలో పెడితే చాలు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేరు డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది 2002 మేలో, వన్యప్రాణుల సంస్థతో కోర్టు గొడవ వల్ల. కాబట్టి పేరును బట్టి సెట్టు వయసు కొంత పోల్చుకోవచ్చు. కొంతే, ఎందుకంటే మన దగ్గర పాత పేరుతో అచ్చు వేసేవాళ్ళు ఆగలేదు. ఎత్తులు, బరువులు కూడా కంపెనీ చెప్పిన లెక్కలే. జెయింట్ గొంజాలెజ్ 8 అడుగులన్నది ప్రచారం కోసం, అసలు అంత లేడు. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడన్న బడి పుకారుకు సరుకంతా కంపెనీయే ఇచ్చింది. 1994 జనవరిలో యోకోజునా మీద శవపేటిక మ్యాచ్ ఓడి మాయమయ్యాడు. ఆ ఆగస్టులో ఒకే రింగులో ఇద్దరు అండర్‌టేకర్లు కొట్టుకున్నారు, ఒకడు నకిలీ.

పిల్లలతో ఆడేటప్పుడు ర్యాంకు ఒక్కదానికి మాత్రం తక్కువున్నవాడు గెలుస్తాడని, మిగతా అన్నిటికీ ఎక్కువున్నవాడని ముందే చెప్పండి. కార్డులు తగ్గి సంఖ్య బేసి అయితే ఒకటి పక్కన పెట్టి పంచాలి. ఆ పక్కన పెట్టేది గొంజాలెజ్‌నే అయితే ఎత్తు అన్నప్పుడల్లా ఒకరే గెలిచే గొడవ కూడా పోతుంది.